రెయికా ఉత్సుగి గురించి మాట్లాడుకుందాం (సాఫ్ట్‌బాల్: ఆట నుంచి కోచింగ్ దాకా)

కదిరి పీఈటీ

అందరికీ నమస్కారం. మా స్కూల్లో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట, బంతిని కిందినుంచి విసురుతారు) ఆడే ఆడపిల్లలకు క్రికెటర్ల కథలే తెలుసు. వాళ్ల ఆటలోనే ఎంత పెద్ద మనుషులున్నారో చెప్పాలనుకున్న ప్రతిసారీ నాకు మొదట గుర్తొచ్చే పేరు రెయికా ఉత్సుగి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్‌కు స్వర్ణం తెచ్చిన జట్టుకు హెడ్ కోచ్.

ఆమె పుట్టింది 1963లో, బీజింగ్‌లో. అప్పటి పేరు రెన్ యాన్లీ. చైనా జాతీయ జట్టుకు ఆడింది. 1988లో జపాన్ వెళ్లి తకసాకిలో హిటాచీ కంపెనీ జట్టులో చేరింది. అక్కడ కోచ్ తయెకో ఉత్సుగి దగ్గర ఆడింది. 1995లో జపాన్ పౌరసత్వం తీసుకున్నప్పుడు తయెకో మీద గౌరవంతో ఆమె ఇంటిపేరే పెట్టుకుంది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు.

మరుసటి ఏడాదే, 1996లో, అట్లాంటాలో సాఫ్ట్‌బాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. దేశం మారినవాళ్లు కొత్త దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగాలంటే మూడేళ్లు ఆగాలి, లేదంటే పాత దేశం ఒప్పుకోవాలి. చైనా ఒప్పుకోలేదు. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. ఆ ఒలింపిక్స్‌లో చైనాకు రజతం వచ్చింది, జపాన్ నాలుగో స్థానంలో ఆగిపోయింది. రెండు జట్లలో దేనిలోనైనా ఆడగలిగిన మనిషి ఏ జట్టులోనూ లేకుండా పోయింది. ఆ వయసులో ఇంకొకరైతే గ్లవ్ అటకెక్కించేవాళ్లు. ఈమె ఇంకో నాలుగేళ్లు ఆగి, 37 ఏళ్ల వయసులో సిడ్నీలో ఆడింది.

బాగా ఆడినవాళ్లు బాగా నేర్పలేరని మన గ్రౌండ్లలో తరచూ వింటుంటాం. ఈమె విషయంలో ఆడిన అనుభవం కోచింగ్‌లో ఎక్కడ పనికొచ్చింది? తెలిసినవాళ్లు రాయండి. పిల్లలకు చెప్పేటప్పుడు ఉత్త పొగడ్తగా కాకుండా, ఆటతో ముడిపెట్టి చెప్పాలని ఉంది.

స్కోర్‌బుక్

మంచి పేరు ఎత్తారు మేడం. ఆమె కథ సిడ్నీ ఫైనల్ లేకుండా చెప్పకూడదు.

2000 ఒలింపిక్స్‌లో జపాన్ లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అమెరికాను 11 ఇన్నింగ్స్ (మామూలుగా ఏడే, సమంగా ఉంటే పొడిగిస్తారు) ఆడి 2-1తో ఓడించి, వాళ్ల 112 మ్యాచ్‌ల వరుస విజయాలకు అడ్డుకట్ట వేసింది. ఆ దెబ్బకు అమెరికా వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. అయినా తేరుకుని ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్లో అమెరికా పిచ్చర్ (బంతి విసిరే మనిషి) లీసా ఫెర్నాండెజ్. అదే టోర్నీలో ఆస్ట్రేలియా మీద ఒక్క మ్యాచ్‌లో 25 మందిని స్ట్రైకవుట్ (బంతి కొట్టనివ్వకుండా అవుట్) చేసిన మనిషి. ఆ లీసా వేసిన బంతిని నాలుగో ఇన్నింగ్స్‌లో మన రెయికా కంచె దాటించింది. సోలో హోమ్ రన్. జపాన్ 1-0.

తర్వాతి ఇన్నింగ్స్‌లో అమెరికా స్కోరు సమం చేసింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, వానలో, లారా బెర్గ్ లెఫ్ట్ ఫీల్డ్ వైపు ఎత్తుగా కొట్టింది. ఫీల్డర్ వెనక్కి పరిగెత్తి అందుకుంది కానీ, పడిపోతూ బంతి వదిలేసింది. రన్నర్ హోమ్‌కి (బ్యాటర్ నిలబడే చోటుకి) వచ్చేసింది, అంటే రన్. 2-1, మ్యాచ్ అయిపోయింది.

ఫైనల్లో జపాన్ చేసిన ఒకే ఒక్క రన్ రెయికాది. చేతికి వచ్చింది మాత్రం రజతం. నాలుగేళ్ల తర్వాత ఏథెన్స్‌లో 41 ఏళ్ల వయసులో మళ్లీ ఆడింది, కాంస్యం వచ్చింది. క్రీడాకారిణిగా స్వర్ణం రానేలేదు.

లెఫ్ట్ ఫీల్డ్ లత

యూనివర్సిటీ జట్టుకు లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడినదాన్ని. ఆ క్యాచ్ గురించి ఒక మాట చెప్పనివ్వండి. తలమీదుగా వెనక్కి పోయే బంతి మా ఆటలో అన్నిటికంటే కష్టమైన క్యాచ్. బంతి మీంచి చూపు తిప్పకుండా వెనక్కి పరిగెత్తాలి, పైగా వాన. గ్లవ్ తడిస్తే బంతి సబ్బులా జారుతుంది. ఆ అమ్మాయిని జపాన్‌లో తప్పుపట్టినవాళ్లు ఉండొచ్చు, నేను మాత్రం పట్టను.

నాకు ముఖ్యమనిపించేది వేరే సంగతి. ఆ రోజు రెయికా అదే గ్రౌండ్‌లో ఉంది. ఒక్క బంతితో మ్యాచ్ చేజారితే డగౌట్‌లో ఎలా ఉంటుందో బయటనుంచి విన్నది కాదు, అనుభవించింది. అలాంటి కోచ్ ఫీల్డర్ మీద అరవదు అని నా నమ్మకం. మాకు అరిచే కోచ్‌లే దొరికారు. ఒక్క డ్రాప్‌కి గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు. తర్వాతి క్యాచ్ వస్తుంటే కాళ్లు వణికేవి.

ఓరుగల్లు కుర్రాడు

నేను క్రికెట్ వాణ్ణి, ఈ ఆట కొత్త. ఏమీ అనుకోకండి, రెండు ప్రశ్నలు. పిచ్చర్ కిందినుంచి విసురుతుంది కదా, మరి బ్యాటింగ్ అంత కష్టమేంటి? రెండోది, టోక్యో ఫైనల్ హైలైట్స్ చూశాను. జపాన్ పిచ్చర్ ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ వచ్చి బౌలింగ్ చేసింది. అలా ఒప్పుకుంటారా?

కదిరి పీఈటీ

మంచి ప్రశ్నలే తమ్ముడూ, అనుకునేదేముంది.

పిచ్చర్ నిలబడే చోటుకీ హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 43 అడుగులు, అంటే 13 మీటర్ల చిల్లర. క్రికెట్ పిచ్ 20 మీటర్లు. జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో బంతి గంటకు 120 కిలోమీటర్ల దాకా వెళ్లేది. లెక్క వేసి చూడు, బంతి చేయి వదిలాక బ్యాటర్ దగ్గర అర సెకను కూడా ఉండదు. పైగా బంతి తొడ పక్కనుంచి బయల్దేరుతుంది కాబట్టి, పైకి లేచి వస్తున్నట్టు కనపడుతుంది. రైజ్ బాల్ అంటాం. క్రికెట్ కంటికి అది అస్సలు అలవాటు లేని దారి.

ఇక రెండోది. మొదటి తొమ్మిది మందిలో ఉన్నవాళ్లు ఒకసారి బయటికి వెళ్లి, బ్యాటింగ్ వరుసలో తమ స్థానంలోకే మళ్లీ రావచ్చు. రీఎంట్రీ అంటారు. బేస్‌బాల్ పెద్ద లీగుల్లో ఈ వీలు లేదు. టోక్యోలో ఈ రూల్ ఎంత పని చేసిందో స్కోర్‌బుక్ గారు చెప్తే బాగుంటుంది.

గున్మ తెలుగువాడు

నేను ఉండేది గున్మ రాష్ట్రంలో, తకసాకికి దగ్గరే. ఈ ఊరి పేరు ఇక్కడ చూస్తాననుకోలేదు, చాలా సంతోషం. జపాన్‌లో గుండ్రంగా, ఎర్రగా ఉండే దరుమ బొమ్మలు ఎక్కువగా తయారయ్యేది ఈ తకసాకిలోనే. సాఫ్ట్‌బాల్ అభిమానులకు మాత్రం ఇది ఉయెనో ఊరు.

ఇక్కడి పద్ధతి కొంచెం చెప్తాను, దాన్నిబట్టి రెయికా కోచింగ్ అర్థమవుతుంది. జపాన్‌లో పెద్ద సాఫ్ట్‌బాల్ జట్లన్నీ కంపెనీలవి. ఆడేవాళ్లు ఆ కంపెనీ ఉద్యోగులు. కంపెనీ చేతులు మారితే జట్టు పేరు కూడా మారుతుంది. హిటాచీ జట్టు తర్వాత రెనెసాస్ అయింది, 2015 నుంచి ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ బిక్ కెమెరా పేరుతో ఆడుతోంది. మనుషులు, గ్రౌండ్, ఊరు మాత్రం అవే. రెయికా ఆడిందీ ఆ జట్టుకే, తర్వాత కోచ్‌గా నడిపిందీ ఆ జట్టునే. స్కూల్ అయిపోగానే ఉయెనో చేరింది కూడా అక్కడే.

అంటే ఏడాదికోసారి క్యాంపులో కలిసే కోచ్, పిచ్చర్ కారు వీళ్లు. 2004లో ఏథెన్స్‌లో ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. అక్కడ చైనా మీద ఉయెనో పర్ఫెక్ట్ గేమ్ వేసింది, అంటే ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వలేదు. తర్వాత ఏళ్ల తరబడి ఒకరు కోచ్, ఒకరు పిచ్చర్. ఉయెనో చేయి ఏ రోజు ఎలా ఉందో రెయికాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసుండదు.

2008 బీజింగ్ తర్వాత సాఫ్ట్‌బాల్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు కదా. 2005లో సింగపూర్‌లో జరిగిన ఓటింగ్‌లో 52-52తో సమానంగా వచ్చింది, మెజారిటీ లేదని ఆట పోయింది. ఒక్క ఓటు! బీజింగ్ స్వర్ణం తర్వాత ఉయెనోకు ఇంక ఆడాలన్న పట్టు సడలింది. అలాంటప్పుడు ఆమెను ఆటలో నిలబెట్టినవాళ్లలో మొదటి పేరు రెయికాది. 37 దాకా ఆగి ఆడిన మనిషి చెప్తే ఆ మాటకు బరువుంటుంది.

స్కోర్‌బుక్

పై సమాచారానికి ధన్యవాదాలు. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆడిన అనుభవం కోచింగ్‌లో ఎక్కడ కనపడింది అని కదా ప్రశ్న. నా జవాబు: పిచ్చర్‌ను ఎప్పుడు ఆపాలో తెలియడంలో.

2008 బీజింగ్‌ను గుర్తు చేసుకోండి. అప్పుడు జపాన్ హెడ్ కోచ్ రెయికా కాదు, హరుకా సైతో. సెమీస్ రోజు ఉయెనో అమెరికా మీద 9 ఇన్నింగ్స్ వేసి ఓడింది. ఓడినా ఫైనల్ చేరడానికి ఇంకో అవకాశం ఉండేది, అదే రోజు ఆస్ట్రేలియా మీద 12 ఇన్నింగ్స్ వేసి గెలిపించింది. మర్నాడు ఫైనల్లో మళ్లీ అమెరికా మీద పూర్తి మ్యాచ్ వేసి 3-1తో గెలిపించింది. రెండు రోజుల్లో 413 బంతులు. జపాన్‌లో ఇప్పటికీ ఆ అంకె అందరికీ నోటికొచ్చు.

గెలిచారు కాబట్టి అది వీరగాథ అయింది. కోచ్‌గా చూస్తే నాకు భయం వేస్తుంది. ఒక్కరి భుజం మీద దేశం మొత్తాన్ని పెట్టేశారు.

13 ఏళ్ల తర్వాత టోక్యో. ఉయెనోకు అప్పటికి 39. రెయికా ఏం చేసిందో చూడండి. మొదటి మ్యాచ్ ఆస్ట్రేలియాతో, ఫుకుషిమాలో. తేడా బాగా ఎక్కువ కావడంతో 8-1తో ఐదు ఇన్నింగ్స్‌లోనే ముగిసింది. అక్కడే ఉయెనో వెనకాల 20 ఏళ్ల మియు గోతోను దించింది. మెక్సికో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా వెళ్లి 3-2తో గెలిచారు, చివర్లో పట్టుకున్నది గోతోనే. లీగ్ ఆఖరి మ్యాచ్ అమెరికాతో. రెండు జట్లూ అప్పటికే ఫైనల్‌కు వెళ్లిపోయాయి. ఆ మ్యాచ్‌లో ఉయెనోతో ఒక్క బంతి కూడా వేయించలేదు. జపాన్ 2-1తో ఓడింది. సొంతగడ్డ మీద, అమెరికా మీద ఓటమి అంటే ఎంత ఒత్తిడో ఊహించండి. అయినా మర్నాడు ఫైనల్‌కు ఉయెనో చేయి తాజాగా ఉంది.

డాలస్ నాన్న

స్కోర్‌బుక్ గారూ, మీ మాటతో సగమే ఒప్పుకుంటాను. మా అమ్మాయి ఇక్కడ టెక్సస్‌లో పిచ్చర్, కాబట్టి ఈ భుజాల సంగతి నాకు ఇంట్లో విషయం.

2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను మీరు వదిలేశారు. చిబాలో ఫైనల్. అప్పుడు హెడ్ కోచ్ రెయికాయే. ఒకే రోజు ఉయెనోతో కెనడా మీద ఒక మ్యాచ్, ఆ తర్వాత ఫైనల్లో అమెరికా మీద 10 ఇన్నింగ్స్ వేయించింది. 7-6తో ఓడిపోయారు. ఉయెనోకు అప్పుడు 36. బీజింగ్‌లో జరిగిన దానికీ దీనికీ తేడా ఏముంది? ఆమెకు మొదటినుంచీ ఈ తెలివి ఉందని రాస్తే పిల్లలకు తప్పు కథ చెప్పినట్టే.

స్కోర్‌బుక్

సరైన ప్రశ్న. చిబాను దాచాల్సిన పనిలేదు. నేను అనేది కూడా మొదటినుంచీ తెలుసు అని కాదు. చిబాలో ఆ పద్ధతి ఇక నడవదని తేలిపోయింది, మూడేళ్లలో ఆమె మారింది. అంతకుముందు 2012లో కెనడాలోని వైట్‌హార్స్‌లో అమెరికాను 10 ఇన్నింగ్స్‌లో 2-1తో ఓడించి, 42 ఏళ్ల తర్వాత జపాన్‌కు ప్రపంచ టైటిల్ తెచ్చింది. 2014లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో మళ్లీ గెలిచింది. రెండుసార్లు గెలిపించిన పద్ధతిని వదులుకోవడం ఏ కోచ్‌కైనా కష్టం. ఆమె వదులుకుంది. నేను మెచ్చుకునేది అదే.

లెఫ్ట్ ఫీల్డ్ లత

డాలస్ గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. పిచ్చర్‌ను ఆపడం కోచ్ చేతిలోనే ఉందనుకుంటాం. నిజానికి పిచ్చర్ కూడా ఒప్పుకోవాలి. పెద్ద పిచ్చర్లు బంతి ఇచ్చేయరు. మా జట్టులో అక్క ఒకామె ఉండేది, భుజం నొప్పి ఉన్నా కోచ్‌కి చెప్పేది కాదు. చెప్తే కూర్చోబెడతారని భయం. ఉయెనో అంత మనిషి ఒలింపిక్ ఫైనల్ మధ్యలో నోరెత్తకుండా బంతి ఇచ్చి బెంచ్ మీదికి వెళ్లిందంటే, అడిగిన మనిషి మీద ఎంత నమ్మకం ఉండాలి?

ఓరుగల్లు కుర్రాడు

అక్కడికే వస్తున్నాను. టోక్యో ఫైనల్లో ఉయెనో బయటికి వెళ్లిన ఆ ఆరో ఇన్నింగ్స్ ఏమిటో వివరంగా చెప్పండి సార్. హైలైట్స్‌లో చాలా వేగంగా అయిపోయింది, బంతి ఎవరికి తగిలిందో కూడా అర్థం కాలేదు.

స్కోర్‌బుక్

సరే, నెమ్మదిగా చూద్దాం.

2021 జులై 27, యోకొహామా స్టేడియం. కరోనా వల్ల గ్యాలరీలు ఖాళీ. నాలుగో ఇన్నింగ్స్‌లో మానా అత్సుమి ఇన్‌ఫీల్డ్ హిట్‌తో ఒక రన్, ఐదులో యమాటో ఫుజితా హిట్‌తో ఇంకొకటి. జపాన్ 2-0. ఆరో ఇన్నింగ్స్ మొదట్లోనే ఉయెనో బంతికి అమెరికా హిట్ కొట్టింది, అంటే బ్యాటర్ బేస్ చేరింది. అక్కడ రెయికా ఆపింది. ఉయెనో బెంచికి, గోతో పిచ్చింగ్‌కి.

ఒకరు అవుట్ అయ్యారు, రన్నర్ ఇంకా బేస్ మీద ఉంది. అమెరికా బ్యాటర్ అమాండా చిడెస్టర్ గట్టిగా కొట్టింది. నేరుగా థర్డ్ బేస్ వైపు లైన్ డ్రైవ్, అంటే నేలకు తగలకుండా సూటిగా పోయే దెబ్బ. అక్కడున్నది యు యమామోటో. చేయి అడ్డం పెట్టేలోపే బంతి ఆమెకు తగిలి పక్కకు ఎగిరింది. ఇంకొక గ్రౌండ్‌లో, ఇంకొక రోజు అది లెఫ్ట్ ఫీల్డ్‌లోకి పోయి రన్ వచ్చేది. కానీ ఎగిరిన బంతి షార్ట్ స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అత్సుమి ముందుకు వచ్చింది. అది ఇంకా నేలకు తగల్లేదు. గాల్లోనే పట్టుకుంది. అంటే చిడెస్టర్ క్యాచ్ అవుట్. క్యాచ్ పడితే రన్నర్ తన బేస్‌కి తిరిగి రావాలి, కానీ బంతి హిట్టే అనుకుని ఆమె అప్పటికే సెకండ్ బేస్ వదిలి వెళ్లిపోయింది. అత్సుమి ఒక్క క్షణం కూడా ఆగకుండా సెకండ్ బేస్‌కి విసిరింది. డబుల్ ప్లే, ఒకే బంతికి ఇద్దరు అవుట్. మొత్తం మూడు అవుట్లు, ఇన్నింగ్స్ ఖతం.

ఏడో ఇన్నింగ్స్‌లో రీఎంట్రీ రూల్ వాడి ఉయెనోను మళ్లీ తెచ్చింది. ముగ్గురు అవుట్. స్వర్ణం.

అదృష్టం అనేవాళ్లున్నారు. బంతి ఎటు ఎగరాలో ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటాను. కానీ అత్సుమి అక్కడ ఉండడం, క్యాచ్ పట్టగానే ఎటు విసరాలో ఆలోచించకుండా తెలియడం సాధనతోనే వస్తాయి. కష్టమైన ఇన్నింగ్స్‌లో 20 ఏళ్ల పిల్లకు బంతి ఇచ్చి, ఆఖరి మూడు అవుట్లకు అనుభవాన్ని దాచిపెట్టుకోవడం అదృష్టం కాదు.

డాలస్ నాన్న

ఇది చదివాక చిబా వాదన కొంచెం పక్కన పెడతాను. అయినా ఇంకొక మనిషి సంగతి చెప్పాలి, అదే సిడ్నీ ఫైనల్లో రెయికాకు ఎదురుగా నిలబడ్డ లీసా ఫెర్నాండెజ్. మూడు ఒలింపిక్ స్వర్ణాలు: 1996, 2000, 2004. ఏథెన్స్‌లో అమెరికా మొత్తం మీద 51 రన్లు చేసి ఒక్కటే ఇచ్చింది. ఆ టోర్నీలో లీసా బ్యాటింగ్ సగటు .545. తాను చదివిన యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ)కే తిరిగొచ్చి ఏళ్ల తరబడి కోచింగ్ చేసింది. హెడ్ కోచ్ కెల్లీ ఇనోయె-పెరెజ్ ఆమె పాత సహచరి, అదే జట్టులో క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని పిచ్చర్ బంతిని అందుకునే మనిషి). 2019లో వీళ్లిద్దరూ కలిసి కాలేజీ టైటిల్ తెచ్చారు.

పిచ్చర్ గొప్ప క్రీడాకారిణి అయితే, క్యాచర్ హెడ్ కోచ్ అయింది చూడండి. ఇది నాకు వింతగా అనిపించదు. గ్రౌండ్ మొత్తం ముఖాముఖి కనపడేది క్యాచర్ ఒక్కదానికే. మిగతా ఎనిమిది మందీ హోమ్ ప్లేట్ వైపు చూస్తారు, ఆమె వాళ్లందర్నీ చూస్తుంది.

గున్మ తెలుగువాడు

మంచి పోలిక అన్నా. అమెరికాలో ఆ ఆటకు కాలేజీలు ఉన్నాయి, ఇక్కడ కంపెనీలు ఉన్నాయి. ఆడటం ఆపిన మర్నాడు మనిషి రోడ్డున పడకుండా ఎక్కడో ఒకచోట ఆటలోనే ఉంటుంది. రెయికా కథలో నాకు పెద్ద విషయం అదే. తకసాకి జట్టు లేకపోతే ఆమె కోచ్ అయ్యేదా?

లెఫ్ట్ ఫీల్డ్ లత

కాలేజీ తర్వాత నాకు ఆ చోటే దొరకలేదు. నేషనల్స్ దాకా ఆడినవాళ్లు మా బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాళ్లు ఆట మానేశారు, రానివాళ్లకు పెళ్లిళ్లయ్యాయి. ఒక ప్రైవేట్ స్కూల్లో కోచ్‌గా అడిగితే, టోర్నమెంట్ నెల మాత్రం రండి, మిగతా నెలలకు జీతం లేదు అన్నారు. ఒక్క నెలలో ఏ పిచ్చర్ తయారవుతుంది? ఇప్పుడు ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇలా రాస్తుంటే కూడా గొంతు పూడుకుపోతోంది. అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెటూరి ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడటం చూస్తే ప్రాణం లేచొస్తుంది. అలాంటివి జిల్లాకొకటి ఉండాలి.

కదిరి పీఈటీ

లతా, కదిరి వైపు ఎప్పుడైనా వస్తే మా గ్రౌండ్‌కి రండి. నిజంగా అంటున్నాను. ఔట్‌ఫీల్డ్ నేర్పేవాళ్లు మాకు లేరు. నేను థర్డ్ బేస్ ఆడాను, తలమీదుగా పోయే బంతిని వెనక్కి తిరిగి ఎలా పట్టాలో చేసి చూపించలేను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, మంచి కాళ్లు, కానీ బంతి తలమీదికి రాగానే ఆగిపోతుంది. శని, ఆదివారాల్లో వచ్చినా చాలు. బస్సు ఖర్చులు నేను చూసుకుంటాను.

లెఫ్ట్ ఫీల్డ్ లత

వస్తాను మేడం. మెసేజ్ చేస్తున్నాను. టెన్నిస్ బంతులు కొన్ని తీసి ఉంచండి, మొదట వాటితోనే మొదలుపెడదాం. ముఖం మీద పడుతుందన్న భయం పోవాలి ముందు.

ఓరుగల్లు కుర్రాడు

మా చెల్లి ఏడో తరగతి, స్కూల్లో పిచ్చింగ్ మొదలుపెట్టింది. ఈ 413 బంతుల సంగతి చదివాక టెన్షన్‌గా ఉంది. చిన్నపిల్లలు రోజుకు ఎంత వేయొచ్చు? పొద్దున, సాయంత్రం రెండుపూటలా వేయిస్తున్నారు.

డాలస్ నాన్న

తమ్ముడూ, కిందినుంచి విసిరితే భుజానికి ఏమీ కాదన్న మాట నమ్మొద్దు. నొప్పి ముందు భుజం ముందు భాగంలో, మోచేతి కింద మొదలవుతుంది. వరుసగా రెండు రోజులు గట్టిగా వేస్తే మూడో రోజు బంతి ముట్టకూడదని మా అమ్మాయి కోచ్ గట్టిగా చెప్తుంది. వేసే రోజు ఎన్ని బంతులో ఎవరో ఒకరు కాగితం మీద రాయాలి. చెల్లి వేసేటప్పుడు నువ్వే పక్కన కూర్చుని రాయి. నొప్పి అంటే ఆ రోజుకు ఆపేయమని కోచ్‌కి మర్యాదగా చెప్పు. అన్నిటికంటే ముఖ్యం, జట్టులో ఇంకో పిల్లకు కూడా పిచ్చింగ్ నేర్పమను.

స్కోర్‌బుక్

ఆఖరి మాటకు నా ఓటు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంది, మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో. కదిరి మేడం, మీ పిల్లలతో కూర్చుని చూసేటప్పుడు ఎవరికి ఎప్పుడు బంతి ఇచ్చారో ప్రతి ఇన్నింగ్స్‌కీ రాయించండి. స్కోర్‌షీట్ నమూనా నా దగ్గర తెలుగులో ఉంది, రేపు ఇక్కడే పెడతాను.